ఒక్క చెట్టు కల్లు

మల్యాల,
27 జనవరి 2025

లావణ్యకు మీ అమ్మ నాయన, అంటే నీ తాత లక్ష్మీరాజం దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, నా చెవులు తప్ప.

నువ్వు ఫోన్ చేస్తే నాకు గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు. మీ అమ్మ జమున అటు నుంచి అరుస్తుంది, నేను ఇటు నుంచి అరుస్తాను, పక్కింటివాళ్లు కొట్లాట అనుకుని తలుపు కొడతారు. ఎనిమిదేళ్ల కింద తాడిచెట్టు మీంచి పడ్డప్పుడు కాలు అతికింది గాని చెవులు అతకలేదు. అందుకే ఈ కాగితం. నేను ఐదో తరగతి దాకే చదివాను, నా రాత చూసి నవ్వకు. నోటితో ఎట్లా మాట్లాడినా కలం పట్టుకుంటే మా పంతులు నేర్పిన తెలుగే వస్తుంది. తప్పు రాస్తే చింత బరికె విరిగేదాకా కొట్టేవాడు మరి.

పాల ఆటో ఆనంద్‌ను ఒప్పించాను. రోజూ పొద్దున మల్యాల నుంచి జగిత్యాలకు పాలు తీసుకుపోయేది మీ ఇంటి ముందు నుంచే. పసుపు మూత డబ్బా ఒకటి నీ చేతికిస్తాడు. అతను తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా ఇచ్చెయ్యి. ఉత్తరం రాస్తే అదే సంచిలో పెట్టు.

డబ్బాలో ఏముందో చెప్తాను. వాగు ఒడ్డున ఒంటిగా నిలబడ్డ తాడిచెట్టు గుర్తుందా? దాన్ని నీ పేరు మీద పెట్టాను. ఒక్క చెట్టు కల్లు, ఇంకో చెట్టుది చుక్క కలపకుండా, నలభై ఒక్క రోజులు తాగితే ఎంత మొండి రోగమైనా ఒళ్లు విడిచి పోతుంది. మా నాయన చెప్పిన మాట ఇది, ఆయనకు వాళ్ల నాయన చెప్పాడు. పొద్దున్నే దించిన తీపి కల్లు, మత్తు ఉండదు. పొద్దెక్కితే పులుస్తుంది కాబట్టి రాగానే తాగు.

చెట్టు నేను ఎక్కడం లేదు. మా తమ్ముని కొడుకు రాజం ఎక్కుతున్నాడు. ఈ మాట మీ అమ్మకు తప్పకుండా చెప్పు.

అప్పుడు హైదరాబాద్ ఆసుపత్రిలో నీకు బ్లడ్ క్యాన్సర్ అని చెప్పిన రోజు అందరికీ ఏదో ఒక పని ఉంది. మీ అమ్మ నీ పక్కన కూర్చుంది. మస్కట్ నుంచి మీ బాపు ఫోన్లు చేశాడు. డాక్టర్లు సూదులు వేశారు. నేను ఒక్కణ్నే వరండాలో చేతులు ముడుచుకుని కూర్చున్నాను. చెట్టెక్కి బతికినవాడికి అంతకంటే శిక్ష లేదమ్మా. ఇన్నాళ్లకు నాకూ ఒక పని దొరికింది.

మీ బాపమ్మ రాములవ్వను అడిగానని చెప్పు. ఆమె మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?

నీ తాత

*

జగిత్యాల,
30 జనవరి 2025

తాతా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాత నవ్వేలా లేదు, మా తెలుగు సార్ కంటే నయం. డబ్బా నాలుగు రోజుల నుంచి అందుతోంది. రోజూ ఖాళీ అవుతోంది.

ఇంక నా సంగతులు. నేను రెండోసారి తొమ్మిదో తరగతి చదువుతున్నాను కదా, నా పాత దోస్తులంతా పదిలో ఉన్నారు. నా తరగతి మేడ మీద. ఇరవై రెండు మెట్లు. నెలకోసారి ఎక్కించే మందు వల్ల పాదాలు మొద్దుబారాయి. కాలు ఎత్తితే వేళ్లు కిందికి వాలిపోతాయి, మెట్టు అంచుకు తట్టుకుంటాయి. ఏడు మెట్లు ఎక్కి కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను. పైకి చేరేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. పెద్దసారు చూసి, “నీ కోసం క్లాసునే కిందికి మారుస్త తియ్యి బిడ్డా” అన్నారు. వద్దన్నాను. నా ఒక్కదాని కోసం నలభై మంది కిందికి దిగితే, రోజూ నలభై మందికి నా జబ్బు గుర్తొస్తుంది.

జుట్టు వేలెడు వచ్చింది. ఉంగరాలు తిరిగి ఉంది. ముందు అట్లా ఉండేది కాదు, ఎవరిదో అనిపిస్తుంది. గోళీ రోజూ బడి నుంచి రాగానే మింగుతాను. శుక్రవారం మాత్రం ఇంకో పది చిన్నవి. ఇట్లా వచ్చే ఏడాది మే దాకా. రోగం కనబడకుండా పోయినా దాక్కుని ఉంటుందట, అందుకని.

బాపమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే. “మీ తాతకు చెప్పు, నా మోకాళ్లు గాయిన చెవులు ఒక్కతీరే, పని చెయ్యవు” అంటోంది.

ఒకటి అడుగుతాను, చెప్పు. అంత ఎత్తు నుంచి పడి, కాల్లో రాడ్ వేయించుకుని, నువ్వు మళ్లీ చెట్టు దగ్గరికి ఎట్లా పోయావు?

లావణ్య

*

మల్యాల,
8 ఫిబ్రవరి 2025

లావణ్యకు,

మీ బాపమ్మకు నా చెవుల సంగతి ఎందుకు? నా చెవులు పోయాక నాకు ఒక లాభం కలిగింది, ఆమె మాటలు వినే బాధ తప్పింది. ఈ ముక్క ఆమెకు చదివి వినిపించు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పడ్డాక ఏడాదిన్నర చెట్టు వైపు చూడలేదు. ఒకరోజు మోకు తీసి దుమ్ము దులిపాను. మోకు తెలుసు కదా, చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడు. అది వేసుకుని చెట్టు కింద నిలబడి ఇంటికి వచ్చేశాను. మర్నాడూ అంతే. “లక్ష్మీరాజం చెట్టుకు కావలి గాస్తుండు” అని ఊరంతా నవ్వారు. పదకొండో రోజు ఒక్క మనిషి ఎత్తు ఎక్కాను.

చెట్టు కొస చూడొద్దు, భయమేస్తుంది. నేల చూడొద్దు, ఇంకా భయమేస్తుంది. మోకు ఎక్కడుందో అంత మటుకే చూడాలి. ముందు మోకు జరగాలి, ఆ తర్వాతే కాలు. నీకు మెట్ల పక్కన పట్టుకునే కడ్డీ ఉంటుంది కదా, అదే నీ మోకు. ముందు చెయ్యి జరుపు. చెయ్యి గట్టిగా నిలిచాకనే కాలు ఎత్తు. ఎన్ని మెట్లు మిగిలాయో లెక్కపెట్టకు. ఒకసారి కొసదాకా ఎక్కి దిగి, ఇక ఎక్కనని మీ అమ్మకు మాటిచ్చాను. అది వేరే సంగతి.

డబ్బా ఒక్క రోజు కూడా మానొద్దు. మా పనిలో ఒక నియమం ఉంది. కల్లు పడినా పడకపోయినా గీత తప్పొద్దు. రోజూ మూడు పూటలు చెట్టెక్కాలి, రోజూ పూగెల కొసను కత్తితో సన్నగా గీయాలి. నాలుగు రోజులు బద్ధకిస్తే గెల ఎండిపోతుంది, ఆ తర్వాత నువ్వు మొక్కినా చుక్క రాలదు. మందు కూడా అంతే.

మొఖంలో రంగు వచ్చిందా? అమ్మను ఫోటో పంపమను. ఆనంద్ ఫోన్‌లో చూస్తాను.

తాత

*

జగిత్యాల,
22 ఫిబ్రవరి 2025

తాతా,

నీతో మాట్లాడొద్దని రెండు రోజులు ఊరుకున్నాను. ఉత్తరాల్లో అలిగితే ఎవరికీ తెలియదని ఇవాళ రాస్తున్నాను.

ఆనంద్ అన్న నోరు జారాడు. “మీ తాత గీ వయసుల గూడ కోతి లెక్క ఎక్కుతుండు చెల్లె. దిగేటప్పుడే జెర కాలు ఒణుకుతది, నేను కండ్లు మూసుకుంట” అన్నాడు. రాజం మామ గురించి అడిగితే, “ఆయన సిరిసిల్లల మగ్గాల పనికి పోయి ఏడాదాయె గదా” అన్నాడు. అంటే రోజుకు మూడు పూటలు ఆ రాడ్ కాలుతో ఎక్కుతున్నది నువ్వే. నాకోసం. నీకు అరవై తొమ్మిదేళ్లు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇవాళే ఆపెయ్యి. ఆపకపోతే చెప్తాను.

పోయిన వారం హైదరాబాద్ వెళ్లొచ్చాం. సిరిసిల్ల గణేశ్ కలిశాడు. నాతోపాటు పక్క మంచంలో ఉండేవాడు, ఏడేళ్లు, నాకున్న జబ్బే. వాళ్ల బాపు సారయ్య మగ్గాల మీద పనిచేస్తాడు, ఎప్పుడు చూసినా తలలో దూది పోగులు ఉంటాయి. గణేశ్ గోళీ మింగలేక కక్కుతుంటే నేను అరటిపండు ముక్కలో పెట్టి మింగడం నేర్పాను. ఇప్పుడు వాడే వార్డులో మిగతా పిల్లలకు నేర్పుతున్నాడట. ఫీజు ఒక బిస్కెట్. నేను రక్తం ఇచ్చి బయటికి వచ్చేసరికి అమ్మ, సారయ్య మామ ఏదో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

మెట్ల సంగతి: ముందు చెయ్యి, తర్వాత కాలు. పద్నాలుగు దాకా ఆగకుండా పోయాను. లెక్కపెట్టొద్దన్నావు, అయినా పెట్టాను.

లావణ్య

*

మల్యాల,
4 మార్చి 2025

లావణ్యకు,

దొంగ దొరికాడు. ఆనంద్‌ను పిలిచి తిట్టాను. అతనేమన్నాడో నాకు వినబడలేదు, కాబట్టి గెలిచింది నేనే.

ఆపను. ఈ శనివారంతో నలభై ఒక్క రోజులు నిండుతాయి. ఇంత దూరం వచ్చి నాలుగు రోజుల ముందు ఆపితే అంతా వాగులో కలిపినట్టే. నువ్వు మీ అమ్మకు చెప్తే ఆమె వచ్చి ఏడుస్తుంది, నాకు వినబడదు, నేను ఎక్కుతాను. ఇంత మందికి కష్టం ఎందుకు చెప్పు?

నీ ఫోటో చూశాను. బుగ్గలు నిండాయి. ఆనంద్ ఫోన్ లాక్కుని ఊళ్లో అందరికీ చూపించాను. నీకు తెలియదు, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన రోజు నేను ఎల్లమ్మ గుడి మెట్ల మీద కూర్చుని, దీని బదులు నన్ను తీసుకుపో తల్లీ అని అడిగాను. తీసుకుపోలేదు. ఎందుకు ఉంచిందో ఇప్పుడు అర్థమైంది. ఈ డబ్బా కోసమే.

తాత

*

జగిత్యాల,
10 మార్చి 2025

తాతా,

రక్త పరీక్ష బాగుంది. తెల్ల కణాలు ఉండాల్సినంత ఉన్నాయి. బుగ్గలు మాత్రం నెలకు ఐదు రోజులు మింగే వేరే గోళీల వల్ల ఉబ్బినవి, రెండు వారాల్లో పోతాయి. వాటిని చూసి మురిసిపోకు.

శుక్రవారం ఇరవై రెండు మెట్లూ ఆగకుండా ఎక్కాను. పైన ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. గంట కంటే ముందే పోయి నా బెంచీలో కూర్చున్నాను. అంతే. చాలా బాగా అనిపించింది.

బాపమ్మ మోకాళ్లు నయమయ్యాయంటోంది. కోరుట్లలో మా చిన్నబాపు వాళ్లింటి పెళ్లికి పోయి అందరితో కలిసి ఎగిరిందట. వీడియో ఉంది.

నలభై ఒక్క రోజులు అయిపోయాయి కదా, ఇక చెట్టు దిగు. నీకు ఒక మాట చెప్పాలి. పరీక్షలు అయ్యాక చెప్తాను.

లావణ్య

*

మల్యాల,
5 ఏప్రిల్ 2025

లావణ్యకు,

నీ తాత ఇప్పుడు మామూలు మనిషి కాదు. ఊళ్లోవాళ్లు డాక్టర్ అంటున్నారు. బుగ్గారం నుంచి ఒకాయన నొప్పుల మందుకని వచ్చి కోడిపుంజు ఇచ్చి పోయాడు. వద్దన్నా వినలేదు, అంటే ఆయన విన్నాడేమో, నేను వినలేదు.

అసలు సంగతి ఇది. సిరిసిల్ల నుంచి సారయ్య వచ్చాడు, భార్యనూ గణేశ్‌నూ తీసుకుని. మీ అమ్మ ఆసుపత్రిలో చెప్పిందట, మా నాయన కల్లుతోనే పిల్ల లేచి తిరుగుతోందని. కొడుకును సూదులతో పొడిపించలేక ఆ తండ్రి కుంగిపోయాడు. “నీ మనుమరాలిని లేపినవ్, నా కొడుకును గూడ లేపు కాకా” అని నా కాళ్ల మీద పడ్డాడు. నేను ఆ పిల్లవాడి పేరు మీద ఇంకో చెట్టు పెట్టాను. మన వాకిట్లోనే ఉంటున్నారు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రెండు మందులు కలవొద్దని ఆసుపత్రి గోళీలు ఆపించాను. పిల్లవాడు కోళ్ల వెంట పరుగెడుతున్నాడు, చూడముచ్చటగా ఉంది.

నీకూ నలభై ఒక్క రోజులు నిండాయి. ఇక ఆ గోళీలు చాలించు. పాదాలు మొద్దుబారేది ఆ మందులతోనే కదా. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

తాత

*

జగిత్యాల,
5 ఏప్రిల్ 2025

తాతా,

ఇది గేటు దగ్గర నిలబడి రాస్తున్నాను. ఆనంద్ అన్నను ఆటో ఆపమన్నాను.

నేను నీ కల్లు ఒక్క చుక్క తాగలేదు. నలభై ఒక్క రోజుల్లో ఒక్క రోజు కూడా.

మొదటి రోజు డబ్బా మూత తీసి ఆసుపత్రిలో సుమలత సిస్టర్‌కు ఫోన్ చేశాను. “పచ్చి కల్లు అస్సలొద్దు లావణ్యా. నువ్వు మింగే గోళీలు ముందే లివర్‌ను సతాయిస్తయి. ఇన్‌ఫెక్షన్ అయిందంటె మల్ల మొదటికొస్తది” అన్నారు. నీకు చెబుదామనే అనుకున్నాను. కానీ ‘ఇన్నాళ్లకు నాకూ ఒక పని దొరికింది’ అని నువ్వు రాశావు. అది చదివాక చెప్పలేకపోయాను. డబ్బా ఖాళీ అవుతోందని రాశాను. నువ్వే చెట్టెక్కుతున్నావని తెలిశాక ఇంకా నోరు రాలేదు. అమ్మకు కూడా తెలియదు. తాగింది బాపమ్మ. రోజూ నేను ఇస్తే తాగేది, ఎవరికీ చెప్పనని ఒట్టు వేసింది.

నేను లేచింది గోళీలతో, సూదులతో, ఆరు నెలలు ఆసుపత్రిలో ఉండి. మెట్లు ఎక్కింది మాత్రం నువ్వు చెప్పిన మోకు మాటతో. కల్లుతో కాదు.

గణేశ్ కోళ్ల వెంట పరుగెడుతున్నాడంటే నయమైందని కాదు. మందు పనిచేసినన్ని రోజులు పనిచేసింది, అంతే. గీత తప్పితే గెల ఎండిపోతుందని నువ్వే రాశావు. వాడికి తొమ్మిది రోజుల గీత తప్పింది తాతా. వాడిని ఇవాళే పంపించు.

నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడకు. వాడిని మాత్రం పంపించు.

లావణ్య

*

జగిత్యాల,
8 ఏప్రిల్ 2025

తాతా,

మూడు రోజుల నుంచి సంచి ఉత్తదే వస్తోంది. నువ్వు వాకిట్లో కూర్చుని ఎవరితోనూ మాట్లాడడం లేదని ఆనంద్ అన్న చెప్పాడు.

అమ్మకు అంతా చెప్పాను. ఒక చెంపదెబ్బ కొట్టింది, ఆ తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది. సారయ్య మామకు ఫోన్ చేసింది. ఆయన వినలేదు. “కాకా నోటితోని చెప్పిండు, నమ్మి మొదలువెట్టిన. గదే నోటితోని కాదనాలె. పిల్ల ఏదో భయపడి చెప్తె నేను పట్టించుకోను” అని పెట్టేశాడు. అమ్మ రేపు మొదటి బస్సుకు వస్తానంటోంది. ఆమె వచ్చినా ఆయన వినడు. నువ్వు చెప్తేనే వింటాడు.

నీ గొప్ప పోతుందని నాకు తెలుసు. నా వల్లే పోతుంది.

లావణ్య

*

మల్యాల,
15 ఏప్రిల్ 2025

లావణ్యా,

గీ కాగితం మీద పంతులు తెలుగు రాస్తలేను. కోపమచ్చినప్పుడు, ఏడ్పచ్చినప్పుడు గది నాకు రాదు.

నీ కాగితం సదివినంక మూడొద్దులు నేను చెట్టెక్కలే, బువ్వ సరిగ తినలే. నీ మీద మస్తు మండింది. రాడ్ కాలుతోని నలభై ఒక్క రోజులు ఎక్కి దిగింది మా వియ్యపురాలి మోకాళ్ల కొరకా అనుకున్న. ఊరంత నన్ను డాక్టర్ అంటున్నది, ఇప్పుడు ఏ మొఖం వెట్టుకొని కాదనాలె అనుకున్న. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న బిడ్డా. నాకు గా పిలగాని కంటె నా మొఖమే ఎక్కువ అనిపించింది, మూడొద్దులు.

నాలుగోనాడు పొద్దుగాల గణేశ్ గాడు నా పక్కకచ్చి కూసున్నడు. లాగు కింద పిక్కల మీద నల్లటి మచ్చలు. దెబ్బ తాకిందారా అంటె లేదని తలకాయ ఊపిండు. నీకు మొదట్ల గసొంటివే అచ్చినయ్. మేమంత దోమలనుకున్నం.

సారయ్యను పిలిచి చెప్పిన. నా మనుమరాలు చుక్క తాగలేదయ్యా, నీ కొడుకును తీస్కొని దవఖానకు నడువు అన్న. ఆయన నమ్మలే. అరిసి అరిసి చెప్తుండు, నాకు వినవడక ఆనంద్ పలక మీద రాసి చూపెట్టిండు. “నీ మనుమరాలికైతె మంచిదాయె, నా కొడుకుకు ఇయ్యబుద్ధి కాకనా?” గట్లన్నడు.

గప్పుడు మోకేసుకున్న. గణేశ్ చెట్టు కొసకు పోయి, కల్లు పడే లొట్టి ఇప్పి కింద పడగొట్టిన. గెలలన్ని నరికిన. వాగొడ్డు చెట్టుది గూడ నరికిన. ఇగ ఈ ఏడు గా రెండు చెట్లు చుక్క రాల్చయి. కిందికి దిగేసరికి మీ అమ్మ బస్సు దిగి అచ్చి నిలవడ్డది, ఊరు ఊరంత అచ్చింది. అందరు వినంగ చెప్పిన. “నేను గొప్పకు పోయి చెప్పిన. నా కల్లుతోని ఎవ్వలు బతుకలే. నన్ను నమ్ముకొని దవఖాన మానకుండ్రి.” మీ అమ్మ మాటిచ్చి తప్పినవని నా మీద ఒర్లుతుండె. నాకు ఏం వినవడలే గని, గామె ఏడుసుడు చూసిన.

సారయ్య నేల మీద కూసుండి పగిలిన లొట్టి పెంకలు ఏరుతున్నడు. కొంచెంసేపటికి లేసి సంచి సదురుకున్నడు. నేను, మీ అమ్మ గూడ హైదరాబాద్ బస్సెక్కినం.

నేను చెవిటోన్నే గని దవఖానల డాక్టరమ్మ మొఖం చూస్తె ఏమంటుందో అంత వినవడ్డది. సారయ్యను తిట్టొద్దని చెప్పి నేను ముందల నిలవడ్డ. నన్నే తిట్టింది. మల్ల మందు మొదలువెట్టిండ్రు. ఇప్పటికైతె చేతులనే ఉన్నదట, ముందు ముందు చూడాలెనట. గణేశ్ గాడు అరటిపండు ముక్కల గోళీ వెట్టి మింగి, “లావణ్యక్క నేర్పింది” అన్నడట. ఇరవై మంది పిల్లలున్నరు ఆ వార్డుల. అందరికి గుండ్లే, అయినా ఆడుకుంటున్నరు. నువ్వు గాడ ఆరు నెలలున్నవ్. నేను ఎన్నడు లోపలికి అచ్చి చూడలే, వరండాలనే కూసున్న. లోపలికి రాలేక కల్లు పంపిన.

నా బీపీ చూసి సుమలత సిస్టర్ కండ్లు పెద్దగ చేసింది. ఒక్క చెట్టు కల్లు ఉన్నంక గోళీలెందుకని ఏడాది కిందనే బందు చేసిన. ఇప్పుడు రోజూ ఒకటి మింగుతున్న. నమ్మవని తెలుసు, అందుకే అయిపోయిన గోళీల షీటు గీ సంచిల పెడుతున్న. నీది గూడ పంపు. ఎవలు గీత తప్పుతరో చూద్దాం.

నీ మీద కోపం పోయిందా అంటె, ఇంక జెరంత ఉన్నది. మొదటి రోజే చెప్తె నేను ఏడుస్తుంటి, గంతే. నా ఏడ్పు తప్పిద్దామని ఇంతదాక తెచ్చినవ్. ఇగ మీదికెల్లి నా ఏడ్పు నాకు ఒదిలెయ్యి బిడ్డా. గింత ఏడ్సుడు నాకు చాతనైతది.

తాత

*

మల్యాల,
2 సెప్టెంబర్ 2025

లావణ్యకు,

పంతులు తెలుగు మళ్లీ వచ్చింది, అంటే కోపం పోయింది.

నాది పది గోళీల షీటు, నీది సగమే వచ్చింది. మిగతా సగం ఏది? మళ్లీ డబ్బా ఖాళీ కథ చెప్పకు.

నన్ను ఊళ్లో డాక్టర్ అనడం మానేశారు. కోడిపుంజు ఇచ్చిన బుగ్గారం మనిషి వచ్చి తిరిగి ఇమ్మన్నాడు. కూర వండేశామని చెప్పాను.

తాత

*

జగిత్యాల,
4 సెప్టెంబర్ 2025

తాతా,

రక్తకణాలు తగ్గాయని డాక్టరే వారం రోజులు సగం మోతాదు చేశారు. అందుకే సగం షీటు. ఇదిగో చీటీ కూడా పెడుతున్నాను, అనుమానం మనిషివి.

జ్వరం వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. భయపడకు, వచ్చేశాను. సోమవారం నుంచి మళ్లీ బడి. పదో తరగతి కింది అంతస్తులో పెట్టారు. ఇరవై రెండు మెట్లు నేర్చుకున్నాక కింద పెట్టారు చూడు.

బాపమ్మ మోకాళ్లు మళ్లీ మొదటికొచ్చాయి. “ఆ డబ్బా బందైనప్పటికెల్లి గిట్లనే” అంటోంది. డాక్టర్‌కు చూపిద్దామంటే, “మీ తాత అసలు డాక్టరు” అని నవ్వుతోంది.

లావణ్య

*

జగిత్యాల,
18 మే 2026

తాతా,

ఈ సంచిలో ఉన్న షీటు నా చివరిది. శుక్రవారం సాయంత్రం ఆఖరి గోళీ మింగాను. ఏమీ జరగలేదు. గ్లాసు కడిగి పెట్టాను. మర్నాడు బడి సంచి పెట్టే చోటు దగ్గరికి పోయి గోళీ కోసం చెయ్యి చాపాను, అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు మస్కట్ నుంచి ఫోన్ చేసి, అయిపోయిందా అని నాలుగుసార్లు అడిగాడు, నీతో మాట్లాడినట్టే అయింది.

ఇక నెలకోసారి రక్తం చూస్తారు. అట్లా ఐదేళ్లు. మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేదు. నేను అడగలేదు కూడా. మోకు ఉన్నంత మటుకే చూస్తాను.

పది పాసైనట్టు నీకు తెలుసు, కాలేజీలో చేరుతున్నాను. మేడ మీదా కిందా అని అడగలేదు.

గణేశ్‌ను కలిశాను. వాడికి ఇంకో పది నెలలు ఉంది. నువ్వు గోళీలు ఆపించి పదమూడు రోజులు కలిపావని వాడికి లెక్క తెలుసు, “తాత పదమూడు బిస్కెట్లు బాకీ” అన్నాడు. ముందు పళ్లు రెండు వచ్చాయి. సారయ్య మామ తలలో దూది అట్లాగే ఉంది. నిన్ను అడిగాడు.

నాది అయిపోయింది గాని నీది అయిపోలేదు. ప్రతి షీటూ పంపాల్సిందే.

ఆనంద్ అన్న నిన్న పసుపు మూత డబ్బా ఇస్తే మళ్లీ చెట్టెక్కావనుకున్నాను. మూత తీస్తే తాటి ముంజలు. నువ్వే ఎక్కావా అని అడిగితే, చెట్టు మీద రాజం మామ ఉన్న ఫోటో చూపించాడు. సెలవులకు వచ్చాడట. కింద నువ్వు మోకు వేసుకుని నిలబడి ఉన్నావు. ఎందుకు వేసుకున్నావో నాకు తెలుసు, ఎక్కకపోయినా నీకూ ఒక పని ఉండాలి కదా.

సుమలత సిస్టర్‌కు ఫోన్ చేసి అడిగాను. “మంచిగ కడిగి, పొట్టు తీసుకొని తిను” అన్నారు. కడిగాను, పొట్టు తీశాను, గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని తిన్నాను. బాపమ్మ చెయ్యి చాపింది. ఒక్కటే ఇచ్చాను.

డబ్బా తిరిగి పంపుతున్నాను తాతా. ఈసారి నేనే ఖాళీ చేశాను.

లావణ్య